తోడికోడలి మంచం దగ్గర

వార్డులో అందరూ ఆమెను సైలెన్స్ సిస్టర్ అనేవారు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో రోగుల బంధువుల మీద "సైలెన్స్" అని అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకుంది. ఆ అరుపుకే సగం మంది రోగులు ఉలిక్కిపడి లేచేవారని తోటి నర్సులు చాటుగా నవ్వుకునేవారు. ఆమె నవ్వేది కాదు. దుప్పటి అంచు కాస్త వంకరగా ఉంటే పడుకున్న రోగిని లేపి మరీ సర్దించేది. పదవీ విరమణ రోజున పూలగుత్తి చేతికిచ్చి "మీరు లేకపోతే వార్డు బోసిపోతుంది" అన్న పెద్ద డాక్టరుతో "బోసిపోదు, మురికిపడుతుంది" అని చెప్పి ఇంటికొచ్చేసింది.

ఇల్లు రెండంతస్తులది. పైన ఆమె ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు, భర్త పోయి పదకొండేళ్ళయింది. కింది వాటాలో మరిది, ఆయన భార్య, వాళ్ళ కూతురు ఉండేవారు. మరిది ఒక అచ్చాఫీసులో పుస్తకాలు బైండు చేసేవాడు. తోడికోడలు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. నీళ్ళ మోటారు రెండు వాటాలకూ ఒక్కటే. పైన ట్యాంకు నిండి పొర్లితే కిందావిడ నోరు తెరిచి చెప్పేది కాదు, గొట్టం మీద కత్తెరతో టంగుటంగున కొట్టేది. పైనున్నావిడ వెళ్ళి మోటారు ఆపేది. పందొమ్మిదేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ అదొక్కటే.

గొడవ అత్తగారి దగ్గర మొదలైంది. ఎనభై ఒక్కేళ్ళ ఆవిడకు ఛాతీలో నెమ్ము చేరి ఊపిరి అందకపోతుంటే, చిన్న కోడలు ఇంట్లోనే ఉంచుదామంది. ముసలావిడ కూడా అదే అడిగింది. పెద్ద కోడలు ఒంటికాలి మీద లేచింది. "నేను నర్సుని. నా కళ్ళముందు మనిషికి ఊపిరాడకపోతుంటే చూస్తూ కూర్చోను" అని అంబులెన్స్ పిలిపించి, తాను పనిచేసే ఆస్పత్రిలోనే చేర్పించింది. ఐసీయూలో తొమ్మిది రోజులు. గొంతులో గొట్టం పీకేసుకుంటోందని రెండు చేతులూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టేశారు. లోపలికి వెళ్ళి చూడటానికి ఇచ్చింది రోజుకు ఐదు నిమిషాలు. తొమ్మిదో రోజున ఆవిడ పోయింది. మణికట్ల మీద పడిన నల్లటి వాతలు చిన్న కోడలు చూసింది.

"చేతులు కట్టేసి చంపించావు" అంది తోడికోడలితో. అంతే. మళ్ళీ ఎదురుపడి మాట్లాడలేదు. మరిది మాట్లాడేవాడు కానీ, ముక్తసరిగా.

పందొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఉదయం కింది వాటా కూతురు మెట్లెక్కి పైకి వచ్చింది.

"అమ్మని ఇంటికి తెచ్చేశాం పెద్దమ్మా."

"కిటికీలోంచి చూశాను."

"క్యాన్సరు లివరంతా పాకిందట. ఇక ఆస్పత్రిలో చేసేదేం లేదన్నారు. ఇళ్ళకు వచ్చి చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది, వారానికోసారి వస్తానంది. పైన నర్సు పెద్దమ్మ ఉందని చెప్తే, మరి ఇంకేం అంది."

"మీ అమ్మ పంపించిందా?"

"నేను వచ్చానని తెలిస్తే చంపుతుంది."

"మరెందుకొచ్చావు?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. "పొద్దున పక్క మారుద్దామని కదిలిస్తే గట్టిగా అరిచింది. నాన్న చూడలేక వీధిలోకెళ్ళి నిలబడ్డారు. నాకు చేతకావట్లేదు."

నర్సు లేచి చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. కిందికి దిగింది.

కుట్టుమిషను మూలకు నెట్టి, అద్దెకు తెచ్చిన ఇనుప మంచం అక్కడ వేశారు. మంచం మీద మనిషి సగానికి సగం తరిగిపోయి ఉంది. కళ్ళు పచ్చబడ్డాయి. గడప దాటుతున్న మనిషిని చూడగానే మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"ఎవరు పిలిచారు ఆవిడని?" అంది కూతురితో. "ఆ చెయ్యి నా మీద పడకూడదని చెప్పు."

"మీ అమ్మకి చెప్పు" అంది నర్సు, అదే పిల్లతో. "నడుం కింద చర్మం ఎర్రబడింది. ఇంకో రెండు రోజులు ఇలాగే వదిలేస్తే పుండవుతుంది. ఆ వాసనకి ఎవరూ ఈ గదిలో నిలబడలేరు."

ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. కింద పరిచిన దుప్పటినే రెండు పక్కలా చుట్టి పట్టుకుని, పిల్లను అవతల నిలబెట్టి, మనిషిని పట్టుకోకుండా దుప్పటితోనే ఒత్తిగిలింపజేసింది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఈసారి అరుపు లేదు.

కొంతసేపటికి గోడవైపు నుంచి మాట వచ్చింది.

"రేపు కూడా చేతులు కడుక్కునే రమ్మని చెప్పు."

అలా మొదలైంది. ప్రేమ ఒలికిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రోజుకు మూడుసార్లు నర్సు దిగి వచ్చేది, పని చేసేది, వెళ్ళేది. ఉన్నంతసేపూ పిల్ల మధ్యవర్తిగా ఒకరినొకరు దెప్పుకునేవారు. పిల్ల లేనప్పుడు ఇద్దరూ గోడకు చెప్పుకునేవారు.

"దుప్పటి ఇలా కప్పితే శవానికి కప్పినట్టుంది" అనేది ఒకావిడ గోడతో.

"ఈ దిండుగలీబు కుట్టిన వాళ్ళకి సూది పట్టడం ఎవరు నేర్పారో" అనేది రెండో ఆవిడ అదే గోడతో.

మొదటి వారం డాక్టరమ్మ వచ్చింది. వయసు ముప్పై దాటదు. సంచిలోంచి ఒక సీసా తీసి, మార్ఫిన్ అని, నాలుగు గంటలకోసారి ఇంత అని చీటీ మీద రాసింది. మరిది మొహం పాలిపోయింది. "మత్తుమందు కదమ్మా, అలవాటైపోతే?" అన్నాడు. డాక్టరమ్మ జవాబు చెప్పబోయేలోపే నర్సు అందుకుంది.

"అలవాటు సంగతి తర్వాత. దీనితో ఊపిరి ఆగిపోతుంది. మా వార్డులో ఇది బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం."

"తాళం ఇప్పుడూ వెయ్యాలండీ. కానీ వాడాలి కూడా. తాళం మీ దగ్గరే ఉండేదా?"

"ఇరవై ఆరేళ్ళు."

"ఎన్నిసార్లు తీశారు?"

నర్సు సీసా అందుకుని దాని మీది అక్షరాలు చదవసాగింది. డాక్టరమ్మ గొంతు తగ్గించి వివరించింది. కొద్ది కొద్దిగా ఇస్తే ఊపిరి ఆగదు. నొప్పి తగ్గుతుంది. ఊపిరాడని వాళ్ళకు ఆ గిలగిల కూడా తగ్గుతుంది. అలాంటి అవసరం వస్తే అదనంగా ఎంత వెయ్యాలో, నాలుక కింద ఎలా వెయ్యాలో చూపించింది. "మీ కాలంలో ఇవన్నీ ఎవరూ చెప్పి ఉండరు" అంది చివర్లో, నొప్పించకూడదని.

"నా కాలం ఇంకా అయిపోలేదు" అంది నర్సు.

పైకి వెళ్ళాక మాత్రం ఆమె చాలాసేపు కుర్చీలో కదలకుండా కూర్చుంది. అత్తగారు ఐసీయూలో గిలగిల్లాడుతున్న తొమ్మిది రోజులూ ఆ బీరువా తాళంచెవి తన నడుముకే వేలాడుతోంది. డాక్టర్లు ఆ మందు రాయలేదు. రాయమని తాను అడగలేదు. పట్టీలు కట్టమన్నప్పుడు ముడి మరీ బిగుసుకోకుండా వెయ్యమని మాత్రం చెప్పింది.

మందు మొదలయ్యాక తోడికోడలికి నొప్పి తగ్గింది. తగ్గాక నోరు పెరిగింది. చూడటానికి ఎవరొచ్చినా "నేను ఇక్కడే పోతాను. నన్ను కట్టేసే చోటికి ఎవరూ తీసుకెళ్ళలేరు" అని గట్టిగా చెప్పేది, పక్కన తడి దూదితో పెదాలు తుడుస్తున్న మనిషికి వినపడేలా. నర్సు తుడవడం ఆపేది కాదు.

మూడోవారం మంగళవారం మధ్యాహ్నం. కూతురు మందుల షాపుకు వెళ్ళింది. మరిది అచ్చాఫీసులో ఉన్నాడు. నర్సు తోడికోడలి పాదాలకు నూనె రాస్తోంది. ఉన్నట్టుండి ఆవిడ మోచేతుల మీద లేవబోయింది. నోరు తెరుచుకుంది. ఊపిరి పైపైనే కొట్టుకుంటోంది. కళ్ళు బయటికి వచ్చేలా ఉన్నాయి. చెయ్యి చాచి ఆవిడ నర్సు మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"నన్ను తీసుకెళ్ళు" అంది. గోడతో కాదు, సూటిగా ఆమెతోనే.

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి. గొట్టం వేస్తారుగా. వెయ్యమను. నాకు భయంగా ఉంది."

ఆ మాటకు నర్సుకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పుకుని లాభం లేదు, సంతోషమే. పందొమ్మిదేళ్ళుగా పడుతున్న మాటకు ఇవాళ ఈ నోటి నుంచే జవాబు వచ్చింది. ఊపిరాడకపోతే ఎవరైనా అడిగేది ఇదే. ఆ సంతోషం రెండు మూడు క్షణాలు ఉండి ఉంటుంది. ఈలోపు చేతులు వాటి పని అవి మొదలుపెట్టేశాయి.

"విను. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నాను. రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. వచ్చేదాకా ఈ మందు వేస్తాను. తీసుకెళ్ళకుండా ఉండటానికి కాదు. బండి నిజంగానే వస్తుంది. అర్థమైందా?"

తోడికోడలు తల ఊపింది. నర్సు ఫోన్ చేసింది. డాక్టరమ్మ చూపించినట్టే మందు కొలిచి నాలుక కింద వేసింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఫ్యాను మొహానికి తిప్పింది. మంచమెక్కి ఆవిడ వెనకాల కూర్చుని, ఆ వీపును తన ఛాతీకి ఆనించుకుంది.

"పీల్చడం సంగతి వదిలెయ్. వదలడం చూసుకో. నాతోపాటు నెమ్మదిగా వదులు."

తోడికోడలు కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో తప్ప ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. చెమటా, మందుల వాసనా. నర్సు వీపు పట్టేసింది, అయినా కదల్లేదు. పావుగంటకు పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. ఊపిరి వేగం తగ్గింది, లోతు వచ్చింది.

అంబులెన్స్ వచ్చింది. లోపలికొచ్చిన మనిషి గుమ్మం దగ్గర స్ట్రెచరు విప్పాడు. రెండు పక్కలా పట్టీలు వేలాడుతున్నాయి.

"బండి వచ్చింది. వెళ్దామా?" అంది నర్సు.

తోడికోడలు ఆ పట్టీల వంక చూసింది. "వద్దు."

"మళ్ళీ ఇలాగే అయితే?"

"మళ్ళీ అడిగితే మళ్ళీ పిలువు."

అంబులెన్స్ మనిషికి ఒళ్ళు మండింది. "మేం ఇక్కడ ఆటలాడుకోవడానికి వచ్చామా?"

"మనిషన్నాక మాట మార్చుకోకూడదా? ఎక్కడ సంతకం పెట్టాలో చూపించి వెళ్ళు" అంది నర్సు, వార్డు గొంతుతో. అతను కాగితం ముందుకు తోశాడు.

ఈలోపు ఎదురింటావిడ అచ్చాఫీసుకు ఫోన్ చేసేసింది. అరగంటకల్లా మరిది పరుగెత్తుకొచ్చాడు. చేతులకు బైండింగు జిగురు ఎండిపోయి ఉంది. వెనకే కూతురు, మందుల సంచితో.

"అంబులెన్స్ ఎవరు పిలిచారు?"

"నేనే."

"మా అమ్మ చాలలేదా వదినా?"

నర్సు మంచం వంక చూసింది. తోడికోడలు కళ్ళు మూసుకుని ఉంది. ముప్పై నాలుగేళ్ళు నిద్ర నటించే రోగుల్ని చూసిన మనిషికి ఆ రెప్పల కదలిక చాలు. మెలకువగానే ఉంది. అన్నీ వింటోంది. నర్సు ఆగి చూసింది. మంచం మీద నుంచి ఒక్క ముక్క రాలేదు.

"ఇంట్లోనే పోతానని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తోందే. మేం లేకుండా చూసి బండి పిలుస్తావా? నీకు మనుషులు అక్కర్లేదు, నీ ఆస్పత్రే కావాలి. రేపటి నుంచి కిందికి రావద్దు" అన్నాడు మరిది.

"నువ్వు మారావనుకున్నాను పెద్దమ్మా" అంది పిల్ల.

"మూడింటికి అదనపు మోతాదు వేశాను. మామూలుది నాలుగింటికి" అంది నర్సు. "గడియారం చూసుకుని వెయ్యి, నిమిషం కూడా దాటనివ్వకు." అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రెండు రోజులు కిందికి దిగలేదు. మరిది ఎవరినో ఆయాను పెట్టుకున్నాడు. పక్క మార్చేటప్పుడు అరుపు పైదాకా వినపడేది. ఆ అరుపు ఎలా వస్తుందో, ఆయా చెయ్యి ఎక్కడ పెట్టి ఎత్తుతోందో నర్సుకు పై నుంచే తెలిసిపోయేది. రేడియో శబ్దం పెంచుకునేది. కాసేపటికి తనే తగ్గించి, మళ్ళీ చెవి ఒగ్గేది.

మూడోరోజు ఉదయం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మరిది వచ్చి గుమ్మం అవతలే, తలుపు గడియ వంక చూస్తూ నిలబడ్డాడు.

"అది నిన్ను రమ్మంటోంది."

"నువ్వు రమ్మంటున్నావా?"

"నేననడం లేదు. అది అంటోంది."

"సరే. చేతులు కడుక్కుని వస్తాను."

కింద దుప్పటి తడిసి ముడతలు పడి ఉంది. నడుం దగ్గర చర్మం చిట్లింది. ఆయాను చూసి నర్సు అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. ఆయా సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. పిల్లను వేడినీళ్ళకు పంపి, నర్సు పని మొదలుపెట్టింది.

గదిలో ఇద్దరే మిగిలాక తోడికోడలు అంది. "నేనడిగానని చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

"నేను చెప్పను. పందొమ్మిదేళ్ళు నిన్ను తిట్టిపోసి, తీరా నేనూ అదే అడిగానని చెప్పుకోనా?"

"చెప్పుకోకు. కాలు ఇటు జరుపు."

"అత్తయ్య చేతులు కట్టేసిన సంగతి మాత్రం చచ్చేదాకా మర్చిపోను."

"నేనూ మర్చిపోలేదు." నర్సు పుండు చుట్టూ దూదితో అద్దుతూనే చెప్పింది. "ఈ మందు ఆ రోజు కూడా ఉంది. బీరువా తాళం నా దగ్గరే ఉంది. రాయమని డాక్టర్ని అడిగి ఉంటే గిలగిల తగ్గేది. చేతులు కట్టే పని కూడా ఉండేది కాదేమో. అడగాలని నాకు తోచలేదు."

తోడికోడలు తల ఆమె వైపు తిప్పింది.

"అయితే నేననుకున్నదానికంటే నీది పెద్ద తప్పు" అంది.

"అవును."

పిల్ల నీళ్ళు తెచ్చింది. ఆ మాట మళ్ళీ వాళ్ళ మధ్య రాలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు. ఆవిడ తినడం మానేసింది, తర్వాత మింగడం మానేసింది. డాక్టరమ్మ వచ్చి, చర్మం కింద సన్నటి సూది పెట్టి మందు అందేలా చేసింది. నాలుగోరోజు ఉదయం పది దాటాక ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. వీధిలో పాత సామాన్లవాడు కేకలు వేస్తూ పోతున్నాడు. మరిది భార్య పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. కూతురు చెంప మీద చెయ్యి వేసి ఉంచింది. నర్సు తలవైపు నిలబడి పెదాలు తడుపుతోంది. ఒక ఊపిరి బయటికి వెళ్ళింది. ఇంకొకటి వస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు.

"అయిపోయింది" అంది నర్సు. అలవాటుగా గడియారం చూసింది.

మరిది తల ఎత్తాడు. "ఆస్పత్రిలో అయితే ఇంకో వారం ఉండేదా?"

"ఉండేదేమో" అంది ఆమె. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. దానికి కూడా ఆయనకు కోపమే వచ్చింది.

మధ్యాహ్నానికి బంధువులంతా వచ్చారు. ఆడపడుచు, అంటే పోయిన అత్తగారి కూతురు, కళ్ళు తుడుచుకుంటూనే నర్సును చూసింది.

"చూశావా పెద్దొదినా, చిన్నొదిన ఎంత ధైర్యంగా పోయిందో. ఒక్కనాడు కూడా ఆస్పత్రి మాట ఎత్తలేదట. నువ్వు బండి పిలిచినా ఎక్కలేదట. మా అమ్మకే ఆ రాత లేకపోయింది."

గదిలో అందరూ నర్సు వైపు తిరిగారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క వాక్యం చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆమె మంచం మీది మొహం వంక చూసింది. ఆ మొహంలో ఇప్పుడు ఏ భయమూ లేదు, ఏ కృతజ్ఞతా లేదు.

"ఆ కుర్చీ పక్కకి జరపండి, దారికి అడ్డంగా ఉంది" అంది.

మరిది ఈనాటికీ ఆమెతో మాట్లాడడు. ఇళ్ళకు వెళ్ళే డాక్టరమ్మ మాత్రం అప్పుడప్పుడూ పిలుస్తుంది, ఫలానా వీధిలో ఒక ముసలాయన ఉన్నాడు, వాళ్ళ కోడలికి పక్క మార్చడం నేర్పాలని. నర్సు వెళ్తుంది, నేర్పుతుంది, ఆ ఇంట్లో వాళ్ళతో ఏదో ఒకటి గొడవపడి వస్తుంది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్తుంది.

ఆరు నెలల తర్వాత పిల్ల పైకి వచ్చినప్పుడు నర్సు ఒక కాగితం ఇచ్చింది. చివరి రోజుల్లో తనకేం కావాలో అందులో రాసుకుంది. నొప్పికి మందు ముందు ఇవ్వాలి. గొట్టం వద్దు, చేతులు కట్టవద్దు. ఉంచాల్సింది మాత్రం ఆస్పత్రి వార్డులో, ఇంట్లో కాదు. సాక్షి సంతకం కోసం కింద ఖాళీ వదిలింది.

పిల్ల మొహం ఎర్రబడింది. "అమ్మకి అన్ని రోజులు ఇంట్లో చేసింది నువ్వే. ఇప్పుడు నీకు మాత్రం ఆస్పత్రా? నేను చూసుకోనా?"

"చూసుకుంటావు. నాకే నీతో చేయించుకోవడం ఇష్టం లేదు. డ్యూటీ మీద ఉన్న మనిషైతే ఎంత తిట్టినా మర్నాడు పనిలోకి వస్తుంది."

"నేనూ వస్తాను."

"వస్తావు. నేను తిట్టిందంతా కడుపులో పెట్టుకుని వస్తావు. అదే వద్దంటున్నాను."

పిల్ల కాగితం బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు పైకి రాలేదు. ఐదోరోజు వచ్చి, నిలబడే సంతకం పెట్టింది. టీ తాగి వెళ్ళమంటే అక్కర్లేదంది.